మైన్‌క్రాఫ్ట్‌లో కర్రచట్రం ఇల్లు: కొలతలు, లెక్కలు, తప్పులు

మన నెల్లూరు పిల్లకాయలు బ్లాకులు పేర్చి ఆడే వీడియో గేమ్ మైన్‌క్రాఫ్ట్‌లో కట్టే మధ్యయుగపు ఇళ్లు చాలావరకు అగ్గిపెట్టెల్లా కనబడతాయి. సామాను తక్కువై కాదు. స్తంభాన్నీ గోడనూ ఒకే వరసలో పెట్టేస్తారు, ఇక గోడ మీద నీడ ఎక్కడ పడుతుంది?

ఆ కాలపు యూరప్ ఇంట్లో బరువు మోసేది కర్రచట్రం. మధ్యలో ఖాళీలను తడిక అల్లి, బంకమట్టి, గడ్డి, పేడ కలిపి మెత్తి పూడ్చేవాళ్లు. మన తడిక గోడే, పైన సున్నం. కింది అంతస్తు చాలాచోట్ల రాయి. ఈ వరస మనసులో పెట్టుకుని కడితే సగం పని అయినట్టే.

నేల మీద ముందువైపు 9, లోతుకు 11 బ్లాకుల చట్రం గీయండి. రెండూ బేసి సంఖ్యలే ఉండాలి. సరిసంఖ్య తీసుకుంటే తలుపు మధ్యకు రాదు, పైన కొప్పు రెండు బ్లాకుల వెడల్పై బండగా కనిపిస్తుంది. ముందూ వెనకా 1, 4, 6, 9 స్థానాల్లో స్ప్రూస్ లాగ్‌లు (చెట్టు దుంగలు) నిలబెట్టండి. పక్కల 1, 4, 8, 11. మూలలు రెండువైపులా కలుస్తాయి కాబట్టి మొత్తం 12 స్తంభాలు, ఎత్తు 4, అంటే 48 లాగ్‌లు. రాతిగోడ మాత్రం ఈ గీత మీద కాదు, ఒక బ్లాకు లోపలికి 7×9 చుట్టుకొలతలో లేపాలి. వరసకు 28, నాలుగు వరసలకు 112. తలుపుకీ కిటికీలకీ వదిలింది మిగులు. అడుగు వరస కోబుల్‌స్టోన్, అందులో అయిదారు పాచిపట్టినవి. పైన స్టోన్ బ్రిక్స్‌లో అక్కడక్కడా ఆండిసైట్ అనే బూడిదరంగు రాయి. చదరంగం బల్లలా ఒకటి విడిచి ఒకటి పెట్టొద్దు, చెమ్మ పట్టే మూలల్లో గుంపుగా ఉంటేనే నిజమనిపిస్తుంది.

తలుపు 4, 6 స్తంభాల మధ్య, లోపలి గోడలో వస్తుంది. దానికి రెండువైపులా స్తంభాల నడుమ రెండేసి రాతి స్లాబులు (సగం ఎత్తు బ్లాకులు) వేస్తే మనూరి అరుగే. యూరప్‌లో ఉండేదా అని అడగొద్దు, చూడ్డానికి బాగుంటుంది.

స్తంభాల మీద చుట్టూ 36 లాగ్‌లు దూలంలా పడుకోబెట్టండి. లాగ్‌ను నేల మీదో పైముఖం మీదో పెడితే నిలబడుతుంది, పక్కముఖానికి ఆనిస్తేనే పడుకుంటుంది. మూలల్లో తప్ప ఇంకెక్కడైనా కోసిన గుండ్రటి ముఖాలు బయటికి కనబడ్డాయంటే ఇక్కడే తప్పు జరిగినట్టు. దూలం కింద, స్తంభానికి ఆనించి డార్క్ ఓక్ స్టెయిర్స్ (మెట్టు ఆకారపు చెక్క బ్లాకులు) తలకిందులుగా పెట్టండి, తలుపు పైనా, వెనకవైపు నడిమి ఒక్క బ్లాకు ఖాళీలోనూ తప్ప ప్రతి ఖాళీకి రెండు, మొత్తం 20. మేడ బరువు మోస్తున్నట్టు కనిపించేది ఇవే.

మేడగోడ లోపలికి జరగదు, దూలం మీదే లేస్తుంది. ఎత్తు 3, స్తంభాలకు 36 లాగ్‌లు, మధ్యలో 72 తెల్ల కాంక్రీటు బ్లాకులు. ముందూ వెనకా త్రికోణాలకు 7, 5, 3 చొప్పున ఇంకో 30. కాంక్రీటు పొడి ఒక తడవకు 4 ఇసుక, 4 గ్రావెల్, 1 తెల్లరంగుతో 8 వస్తుంది. 13 తడవలకు 104. పొడిని గోడలో నేరుగా పెట్టొద్దు, కింద ఆసరా లేకపోతే ఇసుకలాగే పడిపోతుంది. నీళ్లు తగిలించి గట్టిపడ్డాక పికాక్స్‌తో తీసుకోవాలి. మరీ తెల్లగా మెరుస్తుంది గనక మూడో వంతు తెల్ల టెర్రకోటా కలపడం నాకు ఇష్టం, పాతబడిన సున్నం రంగు వస్తుంది. పక్కల మధ్యనున్న మూడు బ్లాకుల ఖాళీలో నడుమ గ్లాస్ పేన్, అటూ ఇటూ ట్రాప్‌డోర్లు కిటికీ రెక్కల్లా.

పైకప్పుకు డీప్‌స్లేట్ టైల్. మార్కాపురం పలకలు చూసినవాళ్లకు ఆ నలుపు పరిచయమే. చూరు నాలుగువైపులా ఒక బ్లాకు బయటికి రావాలి. మొదటి వరస గోడ పైబ్లాకు ఎత్తులోనే, బయటివైపు. అక్కణ్ణుంచి వరసకో బ్లాకు లోపలికి, పైకి. పక్కకు 5 వరసలు, వరసకు 13, మొత్తం 130 స్టెయిర్స్. ముందూ వెనకా అంచులకు 20 డార్క్ ఓక్‌వి వేస్తే టైల్స్‌వి 110. క్రాఫ్టింగ్ బల్ల మీద 6 టైల్స్‌కి 4 స్టెయిర్సే వస్తాయి కాబట్టి 168 టైల్స్ కావాలి. రాయి కోసే స్టోన్‌కట్టర్‌లో ఒకటికి ఒకటి, 110తో సరి. కోబుల్డ్ డీప్‌స్లేట్ వేసినా నేరుగా వచ్చేస్తాయి. కొప్పుకు 13 పూర్తి బ్లాకులు, వాటి మీద 13 స్లాబులు.

డార్క్ ఓక్ స్టెయిర్స్ మొత్తం 40, అంటే 60 చెక్క పలకలు, 15 లాగ్‌లు. స్ప్రూస్ 120 లాగ్‌లు. అంటే రెండు స్టాకులకు (స్టాకు అంటే 64) ఎనిమిదే తక్కువ. మేడ నేలకు, ట్రాప్‌డోర్లకు కలప వేరే.

పొగగొట్టం వెనకవైపు గోడ బయట రాతితో. పైన క్యాంప్‌ఫైర్ పెట్టి చుట్టూ ట్రాప్‌డోర్లతో మూసేయండి. దాని కింద గడ్డిమోపు ఉంటే పొగ ఇంకా ఎత్తుకు లేస్తుంది. క్యాంప్‌ఫైర్ నుంచి మంట పాకదు. అందుకని పొయ్యిలో లావా పోశారంటే మాత్రం చెక్కంతా అంటుకుంటుంది. మైన్‌క్రాఫ్ట్ 1.18 వెర్షన్ నుంచి వెలుతురు పూర్తిగా సున్నా ఉన్నచోటే భూతాలు పుడతాయి. అందరూ మరిచేది అటకే, రెండు లాంతర్లు వేలాడదీయండి. పిడుగు భయానికి మూడు రాగి కడ్డీలతో లైట్నింగ్ రాడ్ చేసి పొగగొట్టం రాతి అంచు మీదే నిలపండి, పైకప్పు అంచు చెక్క మీద వద్దు.