సున్నా బైట్ల ఫైలు

మా బాబాయి ఎరువుల దుకాణానికి నిల్వల లెక్క చూసే చిన్న ప్రోగ్రామ్ రాసిచ్చాను. ఒక సాయంత్రం కరెంటు పోయింది. యూపీఎస్ కూడా నిలవలేదు. కంప్యూటర్ మళ్లీ తెరిచి చూస్తే నిల్వల ఫైలు పేరు ఉంది, పరిమాణం సున్నా. కొత్త లెక్కా లేదు, పాత లెక్కా లేదు.

డిస్కు పాడైందనుకున్నాను. కానీ లినక్స్‌లో డిస్కు మీది ఫైళ్లను చూసుకునే ఫైలు సిస్టమ్ ఈఎక్స్‌టీ4 తన జర్నల్‌తో, అంటే మార్పులను ముందుగా రాసుకునే చిట్టాతో, చక్కగా కోలుకుంది. ఫైలు సిస్టమ్‌ను తనిఖీ చేసే ఎఫ్‌ఎస్‌సీకే ఒక్క తప్పూ చూపలేదు. అదే నన్ను ఎక్కువ కలవరపెట్టింది.

రెండు రాత్రులు చదివాక విషయం తెలిసింది. మామూలు అమరికలో జర్నల్‌లోకి ఎక్కేది ఫైలు పరిమాణం, డిస్కులో అది ఉన్న బ్లాకుల (చిన్న గడుల) జాబితా వంటి వివరాలే. లోపలి అంకెలు అందులోకి ఎక్కవు. నా ప్రోగ్రామ్ పొద్దున తెరిచిన ఫైలును రాత్రి దాకా మూయదు. ప్రతి బిల్లుకూ దాన్ని సున్నాకు ట్రంకేట్ చేసి, అంటే పూర్తిగా ఖాళీ చేసి, మొదటి నుంచి రాస్తుంది. ఆ ట్రంకేట్ దాదాపు 5 సెకన్లలో జర్నల్‌కు చేరిపోతుంది. కొత్త అంకెలకు మాత్రం ఈఎక్స్‌టీ4 అప్పుడే బ్లాకులు కేటాయించదు. అవి 30 సెకన్లో, ఇంకా ఎక్కువో మెమరీలోనే ఉండవచ్చు. కరెంటు సరిగ్గా ఆ మధ్యలో పోయింది.

2009లో ఈ సున్నా ఫైళ్ల మీద పెద్ద చర్చే జరిగింది. లినక్స్ 2.6.30 నుంచి, సున్నాకు ట్రంకేట్ చేసిన ఫైలును మూయగానే ఈఎక్స్‌టీ4 బ్లాకులు కేటాయిస్తుంది. ఫైలును మూయని నా ప్రోగ్రామ్‌కు ఆ రక్షణ అందలేదు. మూసినా, ట్రంకేట్‌కూ మూతకూ మధ్య ప్రమాదం ఉండనే ఉంది. అసలు ఉన్న ఒకే ఒక ప్రతిని ముందే చెరిపేయడం నా తప్పు.

ఇప్పుడు తాత్కాలిక ఫైలులో అంతా రాసి, ఎఫ్‌సింక్ చేసి (అంటే రాసింది మెమరీ నుంచి డిస్కుకు చేరేదాకా ఆగి), అది విజయవంతమైతేనే పాత పేరుకు రీనేమ్ చేస్తున్నాను. ఆపైన ఫోల్డర్‌కు కూడా ఎఫ్‌సింక్ చేస్తున్నాను. మొదట తాత్కాలిక ఫైలును వేరే పార్టిషన్‌లో (డిస్కులో విడిగా కేటాయించిన భాగంలో) పెడితే రీనేమ్ కుదరలేదు. రెండూ ఒకే ఫైలు సిస్టమ్‌లో ఉండాలి.

వర్చువల్ మెషీన్‌లో (కంప్యూటర్ లోపల నడిచే నమూనా కంప్యూటర్‌లో) పాత, కొత్త ప్రోగ్రామ్‌లు రెండిటినీ నడిపి, రాస్తుండగా పదే పదే ఆ మెషీన్‌నే ఆపేశాను. పాతది చాలాసార్లు సున్నా బైట్లే మిగిల్చింది. కొత్తదానిలో ప్రతిసారీ పాత లెక్కో కొత్త లెక్కో పూర్తిగా దొరికింది. ఆ తర్వాతే దుకాణానికి తీసుకెళ్లాను. బాబాయి బిల్లు పుస్తకాలు ముందు పెట్టుకుని ఒక్కొక్కటీ చదువుతుంటే, పోయిన లెక్కంతా మళ్లీ ఎక్కించాను.