పోనియ్ అంటె పోతదా

బోల్టు దొరికింది, ఆ సంగతి ముందుగాల చెప్తున్న. అయినా పండుకుంటె నిద్ర వస్తలేదు. మా బామ్మర్ది అన్న మాటే చెవులల్ల తిరుగుతున్నది: "పోనియ్ బావా, ఆరు ఎమ్మెమ్ బోల్టే గదా. కొత్తది ఏసి కిక్కు కొట్టు."

టైమింగ్ చైన్, అంటె ఇంజను వాల్వులను టైముకు తెరిచి మూపిచ్చే గొలుసు, మోత వస్తున్నదని వాని బండి ముందలేసుకున్నం. పై టైమింగ్ గేరు బోల్టు వాని చేతులకెల్లి జారి, చైన్ దిగే సందుల పడ్డది. ఆ సందు నేరుగ కింద క్రాంకు, అంటె ఇంజన్ల తిరిగే ఇరుసు, దాకా పోతది. బోల్టు అండ్ల ఉండంగ కిక్కు కొడితె చైనుకు, పళ్లకు నడుమ ఇరుక్కుంటది. చైన్ ఒక్క పన్ను దాటినా టైమింగ్ పాయె. కేసింగ్ పగిలితె ఇంజనే దింపాలె. ఇదంత చెప్తుంటె వాడు ఫోన్ చూసుకుంట "ఏం గాదు" అంటడు! ఏం గాదని ఎట్ల ఎరుక? సందుల గుడ్డ కుక్కు, కొస బయటికి ఉంచు అని ముందే అన్న. ఆ గుడ్డ మడత ఇప్పకుంట ట్యాంకు మీదనే ఉన్నది.

బాపు ఉంటె ఆ మాట అననియ్యకపోతుండె. కాజీపేట లోకో షెడ్డుల చేసిన మనిషి. ఇప్పినయన్ని ఇప్పిన వరుసల స్టీలు పళ్లెంల ఉండాలె. ఒక్కటి తక్కువున్నా బండి తాళం ముట్టనియ్యకపోతుండె. నేను బడికి పోయే రోజులల్ల ఓసారి కార్బొరేటర్ మెయిన్ జెట్టు, అంటె పెట్రోలు పోయే సన్న బొక్కల చిన్న ముక్క, ఇంజను ఎనుక మడ్డి పేరుకున్న సందుల పడ్డది. ఇత్తడిది, అయస్కాంతానికి అంటదు. చీపురుపుల్ల ఇరిచి, కొసకు ఇంత గ్రీజు పెట్టి దించిండు. "లైటు కదలనియ్యకు బిడ్డా" అన్నడు, అంతే. జెట్టు గ్రీజుకు అడ్డంగ అంటుకొని పైకచ్చింది. పెట్రోల్ల కడిగి, ఎండకు పట్టి, బొక్కలకెల్లి వెలుగు కనవడ్డంకనే పళ్లెంల ఏసిండు.

ఇయ్యాల్టిది ఉక్కు బోల్టే గాని, అయస్కాంతం దించితె ముందు చైనుకే అంటుకుంటది. అందుకే పెన్ను గొట్టంల పెట్టి, కొస మాత్రం బయటికి ఉంచి దించిన. టక్కుమని తగిలింది.

వానికి ఓపిక లేదని రాద్దామనే కూసున్న. రాస్తుంటె యాదికచ్చింది, వాడు ఆ బండి మీదనే హన్మకొండ అంత పార్సిళ్లు తిప్పుతడు. బండి నిలవడ్డ రోజు పైసలు రావు. ఫోన్ల చూస్తున్నయి ఆర్డర్లే కావచ్చు. ఆ మాట వాడు నోరిప్పి చెప్పడు.

అయినా సరే, రాత్రిపూట ములుగు రోడ్డు మీద ఇంజను పట్టేస్తె ఎవలకు ఫోన్ జేస్తడు? నాకే గదా. పొద్దుగాల చాయ్ తాగేటప్పుడు చెప్పుడే. "నా తమ్మున్ని ఏమనకు" అంటది మా ఆమె, అననీ.