నా మొదటి ఫోటో ప్రింట్: కొనడం నుంచి పటం కట్టించే దాకా

ఫోన్ నిండా ఫోటోలే ఉన్న ఈ రోజుల్లో ఒక్క ఫోటోకి పద్దెనిమిది వేలు ఎందుకు పెట్టాలి? నాన్న సూటిగానే అడిగారు. "గోడ మీది బొమ్మకి అంత డబ్బా అమ్మా? ఆ ఫైలేదో పంపమను, అమీర్‌పేటలో వేసిచ్చేస్తారు." అడగాల్సిన ప్రశ్నే.

ఆ ఫోటోని ముందు నేనూ ఫోన్‌లోనే చూశాను. నలుపు తెలుపులో పురానాపూల్ కమాను, మూసీ ఒడ్డున ఆరేసిన చీరలు. బాగుందనుకుని పైకి జరిపేశాను. అయితే మాదాపూర్ స్టేట్ ఆర్ట్ గ్యాలరీలో ఇండియన్ ఫోటో ఫెస్టివల్‌కి వెళ్లడం అలవాటయ్యాక, ప్రింటు ఎదుట నిలబడి చూడటం వేరే సంగతని తెలిసింది. అందుకే ఆ ఫోటోగ్రాఫర్‌కి మెసేజ్ పెట్టాను. "కొనకపోయినా పర్లేదు, వచ్చి చూడండి" అన్నారావిడ. మారేడుపల్లిలో ఇల్లు.

చేతులకి నూలు గ్లౌజులు తొడుక్కుని, పెట్టెలోంచి తీసి కిటికీ పక్కన బల్ల మీద పరిచారు. ఫోన్‌లో కమాను కింద నల్లటి మరక తప్ప ఏమీ లేదు. ప్రింటులో ఆ చీకట్లో ఒక కుర్రాడు రాతి మీద కూర్చుని ఉన్నాడు, ఒళ్లో ప్లాస్టిక్ బిందె. చీరలు ఎవరివో, అతను ఎవరి కోసం కూర్చున్నాడో ఆలోచించకుండా ఇక ఆ ఫోటో చూడలేం. కాస్త వెలుగు పెంచితే రాయి తేలిపోతోందట, తగ్గిస్తే కుర్రాడు మాయమైపోతున్నాడట. రెండూ నిలిచేదాకా టెస్ట్ ప్రింట్లు తీస్తూనే ఉన్నానన్నారు. నెగెటివ్ స్వరలిపి అయితే ప్రింటు కచేరీ అనేవాడు అమెరికన్ ఫోటోగ్రాఫర్ యాన్సెల్ ఆడమ్స్. ఆ బల్ల దగ్గర నాకది కళ్లకు కట్టింది. ఫైలు పంపితే ఈ కుర్రాడు రాడు. నాన్నకి నా జవాబు అదే.

ఇక బేరానికి ముందు అడగాల్సినవి అడిగాను. పది కాపీల ఎడిషన్, ఆ తర్వాత ఆ సైజులో మళ్లీ వేయరు. నాది మూడోది, కింది అంచున పెన్సిల్‌తో 3/10, పక్కనే సంతకం. కాగితం నూరు శాతం నూలుది, చదరపు మీటరుకి 308 గ్రాములు. చెక్క గుజ్జులో ఉండే లిగ్నిన్ ఇందులో ఉండదు కాబట్టి త్వరగా పసుపెక్కదు. ఇంకు పిగ్మెంట్‌ది, అంటే సన్నటి రంగు రేణువులతో చేసింది. రంగు కరిగి ఉండే డై ఇంకు అయితే వెలుతురుకి ముందే వెలిసిపోతుంది. ఇవన్నీ రాసిన సర్టిఫికెట్ కూడా ఇచ్చారు.

ఎడిషన్ తరిగేకొద్దీ ధర పెరుగుతుంది, పెట్టుబడిగా కొనేవాళ్లూ ఉన్నారు. జర్మన్ ఫోటోగ్రాఫర్ ఆండ్రియాస్ గుర్‌స్కీ తీసిన రైన్ నది ఫోటో 2011లో న్యూయార్క్ వేలంలో 43 లక్షల డాలర్లు పలికింది. ఆ లెక్క చూసి మాత్రం మొదలుపెట్టకండి. అమ్ముడుపోకపోయినా మీ ఇంట్లో ఉండాలనిపించేదే కొనండి.

కాగితం నిలవడం ఎంత ముఖ్యమో మన ఊరికి వేరే చెప్పాలా? ఆరో నిజాం దర్బారు ఫోటోగ్రాఫర్ రాజా దీన్ దయాళ్ కోడిగుడ్డు తెల్లసొన పూసిన కాగితం మీద తీసిన ఆల్బుమెన్ ప్రింట్లు ఇవాళ్టికీ ఉన్నాయి. 1880ల నాటి హైదరాబాద్‌ని మనం అంత స్పష్టంగా చూస్తున్నామంటే, వాటిని ఎవరో ఒకరు కొని, దాచి, ఎండా చెమ్మా తగలకుండా కాపాడబట్టే.

పటం కట్టించడం దగ్గర కొంచెం పట్టుబట్టాల్సి వచ్చింది. దుకాణాయన అలవాటుగా హార్డ్‌బోర్డు, సెల్లోటేపు తీశాడు. "టేపు వద్దు భయ్యా, జిగురు మరకలు పడతాయి" అన్నాను. యాసిడ్ లేని మౌంట్ బోర్డు, అంటే ప్రింటు చుట్టూ వచ్చే మందపాటి అట్ట, తెప్పించాం. ప్రింటు వెనక పైఅంచున మాత్రం జపనీస్ కాగితం ముక్కలు గోధుమ గంజితో అంటించి వేలాడదీశాం. అద్దం ప్రింటుకి తగలకూడదు, తగిలితే వానాకాలంలో చెమ్మకి అతుక్కుపోతుంది. మధ్యలో మౌంట్ ఉంటే ఆ ఖాళీ దొరుకుతుంది. అన్నీ విన్నాక "ఇంత జాగ్రత్త దేనికి మేడమ్, దేవుడి పటమా?" అన్నాడు కానీ, పని మాత్రం ఎంతో ఓపిగ్గా చేశాడు.

హాల్లో పడమటి ఎండ పడని గోడ ఒక్కటే ఉంది, అక్కడే తగిలించాం. ఇప్పుడు రెండోదానికి డబ్బు కూడబెడుతున్నా. ఈసారి డార్క్‌రూమ్‌లో, వెండి లవణాలు పూసిన కాగితం మీద చేత్తో తీసిన సిల్వర్ జెలాటిన్ ప్రింట్ కావాలి.