అంబాసిడర్ డ్యాష్‌బోర్డు: మీటర్లు కూర్చున్నాయి, స్పీడోమీటర్ మిగిలింది

మార్క్ 3 అంబాసిడర్‌కి పాత మీటర్ బోర్డు విప్పేసి, టేకు పలక మీద గుండ్రటి స్మిత్స్ కంపెనీ మీటర్లు బిగిస్తున్నాను. పలక కోత, పాలిష్ సాఫీగానే అయ్యాయి. కథంతా వెనక వైర్లలో ఉంది.

ఈ బండ్ల వైర్లది బ్రిటిష్ కంపెనీ లూకాస్ పెట్టిన రంగుల లెక్క. గోధుమరంగు వైర్లో బ్యాటరీ కరెంటు ఎప్పుడూ ఉంటుంది. తెల్లదాంట్లో తాళం తిప్పితేనే వస్తుంది, అదే ఫ్యూజు దాటాక ఆకుపచ్చ. ఎరుపు పార్కింగ్ లైట్లకి, నలుపు ఎర్త్‌కి, అంటే కరెంటు బాడీ గుండా బ్యాటరీకి తిరిగి వెళ్లే దారికి. కాగితం మీద ముచ్చటగా ఉంటుంది. నా బండికి మాత్రం ఇన్నేళ్లలో ఎవరి చేతికి దొరికిన వైరుతో వాళ్లు అతుకులు వేసేశారు. అందుకే బ్యాటరీ టెర్మినల్ తీసేసి, ఒక్కో వైరు రెండు కొసలూ మల్టీమీటరుతో చూసి, చీటీ కట్టాకే కట్ చేశాను. విసుగొచ్చే పనే, కానీ వేరే దారి లేదు.

ఎవరో పెట్టిన ఆంపియర్ మీటర్‌ని పీకేశాను. బండి కరెంటంతా డ్యాష్‌బోర్డులోకి వచ్చి వెళ్లడం నాకు అస్సలు నచ్చదు. దాని రెండు లావు వైర్లనీ గట్టిగా కలిపి స్లీవ్ వేశాను. దాని చోట వోల్ట్ మీటర్ పెట్టాను, దానికి సన్న వైరు చాలు. ఇంజిన్ ఆపినప్పుడు 12.6, నడుస్తుంటే 14 దగ్గర చూపిస్తోంది.

చెక్క పలక వేసేవాళ్లు ఎర్త్ సంగతి మర్చిపోకూడదు. పాత ఇనుప బోర్డులో మీటర్లకీ బల్బు హోల్డర్లకీ ఎర్త్ బాడీ నుంచే అందేది. చెక్కలో అందదు. అప్పుడు కరెంటు పక్క బల్బు గుండా దొడ్డిదారి వెతుక్కుంటుంది, లైటు వేస్తే పెట్రోల్ ముల్లు కదులుతుంది! ప్రతి మీటర్ వెనకా లగ్గు వేసి, ఒకే నల్ల వైరుతో కలిపి బాడీకి బిగించాను. పెట్రోల్, వేడి మీటర్లకి సగటున 10 వోల్టులు అందించే స్టెబిలైజర్ డబ్బాకీ ఎర్త్ కావాలి. పాతరకం స్టెబిలైజర్ కరెంటుని ఆపి ఆపి వదులుతుంది కాబట్టి డిజిటల్ మీటర్లో అంకె నిలవదు, టెస్ట్ ల్యాంప్ పెట్టి మిణుకుమంటోందా అని చూడటమే మేలు.

నాది బ్యాటరీని చార్జ్ చేసే పాత డైనమో తీసి ఆల్టర్నేటర్ వేసిన బండి. మిగతా అన్నిటికీ ఎల్ఈడీలు వేశాను కానీ చార్జింగ్ ల్యాంప్‌కి మాత్రం 2.2 వాట్ల మామూలు బల్బే ఉంచాను. ఆల్టర్నేటర్ మేల్కొనేది ఆ బల్బు గుండా వెళ్లే కరెంటుతోనే.

ఇక స్పీడోమీటర్. డయల్ మీద చిన్నగా ఉండే అంకె మైలుకి కేబుల్ ఎన్ని చుట్లు తిరగాలో చెబుతుంది. అది నా గేర్‌బాక్సుకి సరిపోతుందో లేదో చూడాలంటే కేబుల్ లోపలి తీగకి కాగితం జెండా అంటించి, బండిని తిన్నగా 10 మీటర్లు తోసి చుట్లు లెక్కపెట్టాలి. 6 తిరిగితే కిలోమీటరుకి 600, మైలుకి సుమారు 965. తోయడానికి ఆదివారం తమ్ముడు వస్తానన్నాడు.