పిన్ని తెచ్చిన ప్యాకేజీ కాగితం

గుంటూరు కొత్తపేట నుంచి మా పిన్ని ఒక ల్యాబు కరపత్రం తెచ్చి, “ఈ ప్యాకేజీలో సీఏ 125 కూడా ఉందటరా, చేయించేసుకుంటే ఒక దిగులు తీరిపోతుంది కదా” అన్నది. తీరదని, పైగా కొత్త దిగులు మొదలు కావచ్చని చెప్పవలసి వచ్చింది. సీఏ 125 అంటే రక్తంలో కొలిచే ఒక ప్రోటీను. అండాశయ క్యాన్సర్‌లో పెరిగే ఈ ప్రోటీను గర్భాశయంలో గడ్డలున్నా, ఎండోమెట్రియోసిస్ (గర్భాశయపు లోపలి పొరలాంటిది బయట పెరిగే జబ్బు) ఉన్నా, ఒక్కొక్కప్పుడు నెలసరి సమయంలోనూ పెరుగుతుంది. తొలిదశ క్యాన్సర్ ఉన్నా పెరగకపోవచ్చు. బ్రిటన్‌లో సుమారు 2 లక్షల మంది మహిళలను ఏళ్ల తరబడి గమనించి 2021లో వెల్లడించిన ఫలితాల ప్రకారం, ఏటా ఈ పరీక్ష చేసినా ఆ క్యాన్సర్ మరణాలు తగ్గలేదు. జబ్బును ముందే పట్టుకున్నంత మాత్రాన ప్రాణం దక్కుతుందన్న హామీ లేదని కరపత్రాల్లో ఎవరూ వేయరు.

ప్రాణాలు కాపాడినట్టు మన దేశంలోనే రుజువైన పరీక్ష ఒకటుంది, ఇంతకంటే చాలా చౌక; అది వేరే క్యాన్సర్‌కు, అంటే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు. గర్భాశయ ముఖద్వారానికి వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లాన్నే పలుచన చేసి దూదితో అద్ది, ఒక నిమిషం ఆగి, మంచి వెలుతురులో చూస్తారు. మార్పు చెందిన కణాలున్న చోట తెల్లని మచ్చ తేలుతుంది. ముంబయి మురికివాడల్లో టాటా మెమోరియల్ ఆసుపత్రి శిక్షణ ఇచ్చిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లకొకసారి ఇలా పరీక్షించగా, ఆ క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయి. తెల్లమచ్చ కనిపిస్తే క్యాన్సర్ వచ్చేసిందని కాదు; అలాంటి మార్పు ముదరడానికి సాధారణంగా ఏళ్లు పడుతుంది కనుక, ఆలోగా దానిని తీసివేయవచ్చు. అయితే ముట్లుడిగిన వారిలో ఈ మార్పులు వచ్చే భాగం లోపలికి జరిగిపోయి కంటికి సరిగా ఆనదు కాబట్టి, పిన్ని వయసు వారికి, ఈ క్యాన్సర్‌కు కారణమయ్యే వైరస్‌ను వెతికే హెచ్‌పీవీ పరీక్ష మేలు.

సాంక్రమికం కాని జబ్బుల జాతీయ కార్యక్రమం ప్రకారం 30 నుంచి 65 ఏళ్ల వారికి నోటి పరీక్ష, స్త్రీలకు అదనంగా రొమ్ము, గర్భాశయ ముఖద్వార పరీక్షలు ఐదేళ్లకొకసారి జరగాలి. చుట్ట, గుట్కా, ఖైనీ అలవాటున్న వారికి నోటి పరీక్ష మరీ ముఖ్యం. పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయం ఉన్న ఊరు కదా, ఆ మాటెత్తితే మా బాబాయి నవ్వేస్తారు. చుట్ట మాత్రం ఆరదు.

ఇవన్నీ ఏ బాధా లేని వారి కోసం. మూడు వారాలైనా మానని నోటిపుండు, రొమ్ములో గడ్డ, ముట్లుడిగాక రక్తస్రావం వంటివి ఉన్నవారు ఐదేళ్ల గడువు లెక్కలు చూసుకోకుండా వెంటనే డాక్టరుకు చూపించుకోవాలి.