కాలేజీ పేరు చెప్పని సాయంత్రం

2024 జూన్‌లో, టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఒక స్నేహితురాలి ఇంట్లో సత్యనారాయణ వ్రతం. ప్రసాదం తీసుకుంటుంటే ఒకావిడ మా అమ్మాయి గురించి అడిగారు. "సమ్మర్‌లో ఏం చేస్తోందండీ? ఇంటర్న్‌షిప్పా, రీసెర్చా?" వాళ్లబ్బాయి హ్యూస్టన్‌లో ఒక క్యాన్సర్ ల్యాబ్‌లో చేరాడని అంతకుముందే చెప్పారు. "ఇంట్లోనే ఉందండీ, ఏదో కోర్సు చేస్తోంది" అనేసి వంటింటి వైపు వెళ్లిపోయాను.

మా అమ్మాయి నా వెనకే ఉంది. అక్కడ ఏమీ అనలేదు. కారెక్కాక అడిగింది.

"అమ్మా, కాలేజీ పేరు ఎందుకు చెప్పలేదు?"

తను ఆ వేసవిలో కోర్సు చేస్తున్నది కమ్యూనిటీ కాలేజీలో, అంటే ఎవరైనా చేరగలిగే రెండేళ్ల స్థానిక కాలేజీలో. నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తను డిగ్రీ చదివేది మాత్రం టెక్సస్‌లో మంచి పేరున్న యూనివర్సిటీ. ప్రీ-మెడ్. ఇండియాలో ఉన్న మావాళ్లకు ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా కొత్తగానే ఉంటుంది. ఇక్కడ ఇంటర్ అవగానే ఎంబీబీఎస్ ఉండదు. ముందు ఏదో ఒక సబ్జెక్టులో నాలుగేళ్ల డిగ్రీ చేయాలి. అందులోనే బయాలజీ, కెమిస్ట్రీ, ఆర్గానిక్, ఫిజిక్స్ లాంటి కోర్సులు ల్యాబులతో సహా పూర్తి చేయాలి. ఎంక్యాట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. ఆ తర్వాతే మెడికల్ స్కూల్‌కి అప్లికేషన్. ఈ దారిలో పెద్ద జల్లెడ ఆర్గానిక్ కెమిస్ట్రీ. ఫస్టియర్‌లో డాక్టర్ అవుతానన్న పిల్లల్లో చాలామంది అక్కడే ఆగి వేరే దారి చూసుకుంటారు.

మా అమ్మాయి సెకండియర్ వసంతంలో ఆ క్లాసులో మూడు వందల మందిలో ఒకతి. రెండో మిడ్‌టర్మ్ అయ్యాక ఫోన్ చేసి ఏడ్చింది. గడువులోపు కోర్సు డ్రాప్ చేసింది. ట్రాన్స్‌క్రిప్ట్‌లో, అంటే గ్రేడ్ల రికార్డులో, మధ్యలో మానేసినట్టు 'డబ్ల్యూ' పడింది. వారం తర్వాత మళ్లీ ఫోన్ చేసి, "సమ్మర్‌కి ఇంటికొచ్చి మన కౌంటీ కమ్యూనిటీ కాలేజీలో ఆర్గానిక్ వన్, టూ రెండూ తీసుకుంటాను" అంది.

వాళ్ల నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "అంత మంచి యూనివర్సిటీలో సీటు వచ్చి, దీనికి ఇక్కడికి రావాలా?" అన్నారు. నేను పైకి ఏమీ అనలేదు గానీ, నా మనసులో ఉన్నదీ అదే.

ఆ మాట వెనక ఏముందో నాకు తెలుసు. నేను తెనాలిలో తెలుగు మీడియంలో బైపీసీ చదివాను. 1994లో ఎంసెట్‌లో సీటు రాలేదు. గుంటూరులో ఒక ఏడాది లాంగ్‌టర్మ్ చేశాను. రెండోసారీ రాలేదు. డిగ్రీ, ఆ తర్వాత ఎంసీఏ, ఉద్యోగం, అమెరికా. ఆ రోజుల్లో మనిషిని కాలేజీ పేరుతోనే కొలిచేవారు. గుంటూరు మెడికల్ కాలేజీ అంటే ఒక గౌరవం, మా ఊరి డిగ్రీ కాలేజీ అంటే ఒక జాలి. చుట్టాల కళ్లలో ఆ జాలి చూస్తూ రెండేళ్లు గడిపాను. కమ్యూనిటీ కాలేజీ అన్న మాట వినగానే నాకు మళ్లీ ఆ కళ్లే కనిపించాయి. నా కూతురి మీద అలాంటి చూపు పడకూడదనుకున్నాను.

అందుకే నేను మొదట అడిగిన ప్రశ్న, "ఇది మెడికల్ స్కూల్ వాళ్లకు తెలుస్తుందా?" అని. వాళ్ల యూనివర్సిటీలో ప్రీ-హెల్త్ అడ్వైజర్‌తో మాట్లాడి వచ్చి వివరంగా చెప్పింది. తెలుస్తుంది. దాచడానికి కుదరదు. దేశంలో ఎక్కువ మెడికల్ స్కూళ్లకు అప్లికేషన్ వెళ్లే ఆమ్‌కాస్‌లోనూ, టెక్సస్ ప్రభుత్వ స్కూళ్లకు వెళ్లే టీఎండీఎస్‌ఏఎస్‌లోనూ చదివిన ప్రతి కాలేజీ పేరు రాయాలి. అన్ని ట్రాన్స్‌క్రిప్టులూ పంపాలి. సొంత యూనివర్సిటీకి క్రెడిట్ మాత్రమే బదిలీ అయి, గ్రేడు అక్కడి జీపీఏలో, అంటే గ్రేడ్ల సగటులో, కలవదు. కానీ మెడికల్ అప్లికేషన్ లెక్కలో ఆ గ్రేడు కలుస్తుంది. ఒకే కోర్సు రెండుసార్లు చేస్తే ఆమ్‌కాస్ రెండు గ్రేడ్లనూ లెక్కిస్తుంది.

మరి కమ్యూనిటీ కాలేజీ అంటే చిన్నచూపు చూస్తారా అంటే, స్కూలును బట్టి. తను మెడికల్ కాలేజీల సంఘం ఏఏఎంసీ వాళ్లు స్కూళ్ల వివరాలన్నీ పెట్టే ఎంఎస్‌ఏఆర్‌కి డబ్బు కట్టి, అప్లై చేయాలనుకున్న స్కూళ్లన్నీ ఒక్కొక్కటిగా చూసింది. కొన్ని అభ్యంతరం లేదన్నాయి. కొన్ని నాలుగేళ్ల కాలేజీలో చేస్తే మంచిదన్నాయి. ఇంకొన్ని, అక్కడ చేసినా తర్వాత పై కోర్సులు నాలుగేళ్ల కాలేజీలో చేసి చూపించమన్నాయి. టెక్సస్ చట్టం ప్రకారం ఇక్కడి ప్రభుత్వ మెడికల్ స్కూళ్లలో కనీసం నూటికి తొంభై సీట్లు రాష్ట్రంలో ఉండేవాళ్లకే. కాబట్టి మాకు ముందు ఆ స్కూళ్ల మాటే ముఖ్యం. అడ్వైజర్ సలహా కూడా ఒక్క ముక్కలో ఉంది: అక్కడ ఆర్గానిక్ చెయ్యి, ఫాల్ సెమిస్టర్‌లో వెనక్కి వచ్చి ఇక్కడ బయోకెమిస్ట్రీ చెయ్యి, అది బాగా చేస్తే ఎవరూ వేలెత్తి చూపరు.

అంతా విన్నాక నాకు భయం కొంచెం తగ్గింది. సిగ్గు తగ్గలేదు. ఈ రెండూ వేరని అప్పుడు తెలుసుకోలేకపోయాను.

ఇక ఆ వేసవి. మామూలు సెమిస్టర్‌లో పదిహేను వారాల్లో చెప్పే కోర్సును ఐదు వారాల్లో ముగిస్తారు. అంటే ఒక్క రోజు పాఠం మూడు రోజుల పాఠంతో సమానం. సోమవారం నుంచి గురువారం దాకా పొద్దున లెక్చర్, మధ్యాహ్నం ల్యాబ్. శుక్రవారం నుంచి ఆదివారం దాకా రిపోర్టులు, లెక్కలు. జూన్‌లో వన్, జులైలో టూ. మధ్యలో నిండా వారం గ్యాప్ కూడా లేదు. తను రెస్టారెంట్‌లో పార్ట్‌టైమ్ చేస్తానంటే నేను ఒప్పుకోలేదు. ఒక్క రోజు జ్వరం వస్తే రెండు చాప్టర్లు పోతాయి. అదే వేసవిలో ఎంక్యాట్ కూడా చదివిద్దామనుకునే తల్లిదండ్రులకు నేను వద్దనే చెప్తాను.

క్లాసులో ఇరవై నాలుగు మంది. లెక్చర్ చెప్పే ప్రొఫెసరే ల్యాబ్‌లో కూడా పక్కన నిలబడతారు. మొదటి వారంలోనే ఆయనకు అందరి పేర్లూ వచ్చేశాయట. ఇంటికి రాగానే మా అమ్మాయి చెప్పిన మొదటి సంగతి అదే.

మా డైనింగ్ టేబుల్ ఆ రెండు నెలలూ తనదే. దాని నిండా అణువుల బొమ్మలు కట్టే మోడల్ కిట్ బంతులు: నల్లవి కార్బన్, తెల్లవి హైడ్రోజన్, ఎర్రవి ఆక్సిజన్. అన్నాలకు మేం కిచెన్ కౌంటర్ దగ్గర స్టూళ్ల మీద సర్దుకున్నాం. ఒక రాత్రి పక్కన కూర్చుని ఆ నల్ల బంతి చేతిలోకి తీసుకుని "కర్బనం, సంయోజకత నాలుగు" అన్నాను. ముప్ఫై ఏళ్ల తర్వాత నా నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో! తను తలెత్తి చూసింది. "హైడ్రోజన్‌ని ఏమంటారు?" ఉదజని. "నైట్రోజన్?" నత్రజని. "ఆక్సిజన్?" ఆమ్లజని. తన నోట్‌బుక్ అంచున ఇంగ్లిష్ అక్షరాల్లో అవన్నీ రాసుకుంది. నాకు సీటు రాకపోయిన సబ్జెక్టు, నేను మూసేసి ముప్ఫై ఏళ్లుగా తెరవని పుస్తకం, నా కూతురు ఇష్టంగా నా చేత మళ్లీ చెప్పించుకుంది.

ఇంకో రోజు తను నాకు పాఠం చెప్పింది. ఆ బంతులతో రెండు బొమ్మలు చేసింది. చూడ్డానికి ఒకేలా ఉన్నాయి గానీ, ఎటు తిప్పినా ఒకదాని మీద ఒకటి సరిగ్గా కుదరడం లేదు. ఒకటి రెండోదానికి అద్దంలో నీడలాంటిదట. "చిన్నప్పుడు గుళ్లో ప్రసాదానికి ఎడమ చెయ్యి చాపితే కుడి చెయ్యి పెట్టు అనేదానివి కదమ్మా. రెండు చేతులూ ఒకేలా ఉన్నాయి కదా, ఏంటి తేడా అనుకునేదాన్ని. మన ఒంట్లో ఎంజైములు కూడా అంతే. కుడి చేతిలో పెట్టాల్సింది ఎడమ చేతిలో పెడితే తీసుకోవు." ఇంత చక్కగా అర్థమైన పిల్ల మూడు నెలల క్రితం ఈ సబ్జెక్టు నా వల్ల కాదని ఏడ్చింది.

తోటివాళ్ల గురించి కూడా చెప్పేది. ఆర్మీలో మెడిక్‌గా పనిచేసి వచ్చినతను ఒకరు. రాత్రంతా హాస్పిటల్‌లో నర్స్ ఎయిడ్‌గా డ్యూటీ చేసి, అక్కణ్నుంచి నేరుగా క్లాసుకొచ్చే ఇద్దరు పిల్లల తల్లి ఒకరు. ఆవిడకు ఫార్మసీలో చేరాలని ఉంది. మా అమ్మాయి ల్యాబ్ పార్ట్‌నర్ ఆవిడే. "ఆవిడ ఒక్క క్లాసు కూడా మానలేదమ్మా" అని చెప్పింది. అప్పటిదాకా తను రోజూ పొద్దున మూడుసార్లు అలారం ఆపేది. ఆ తర్వాత నేను లేపాల్సిన పని రాలేదు.

వ్రతం జరిగింది సరిగ్గా ఆ రోజుల్లోనే. ఆ మర్నాడు పొద్దున టిఫిన్ పెడుతూ తనతో చెప్పాను. "నిన్న నీ గురించి సిగ్గుపడలేదు తల్లీ. నాకు సీటు రానప్పుడు జనం నన్ను చూసిన చూపు గుర్తొచ్చింది. అది నీ మీద పెట్టాను. తప్పు నాది." తను దోసె తుంచుకుంటూ, "నాకు అనుమానం వచ్చిందిలే అమ్మా. కానీ నువ్వు చెప్తే బాగుంటుందనుకున్నాను" అంది. బ్యాగ్ తగిలించుకుని వెళ్లిపోయింది.

ఆర్గానిక్ వన్‌లో 'ఏ' గ్రేడు వచ్చింది, టూలో 'బీ'. ఫాల్‌లో వాళ్ల యూనివర్సిటీలోనే, మళ్లీ అంత పెద్ద క్లాసులోనే, బయోకెమిస్ట్రీ తీసుకుంది. 'ఏ మైనస్' వచ్చిందని మెసేజ్ పెట్టింది. వాళ్ల నాన్న ఆ మెసేజ్‌ని ఎవరికీ పంపకుండా ఫోన్‌లో దాచుకుని చాలాసార్లు చూసుకున్నారు. మెడికల్ స్కూల్‌లో సీటు వస్తుందా అంటే ఇప్పుడే ఎవరూ చెప్పలేరు. ఎంక్యాట్ ఉంది, ఇంటర్వ్యూలు ఉన్నాయి. రికమండేషన్ లెటర్ల కోసం తను మొదట మెయిల్ రాసింది మాత్రం ఆ కమ్యూనిటీ కాలేజీ ప్రొఫెసర్‌కే. తన పేరు తెలిసి, తన పని కళ్లారా చూసిన మనిషి ఆయన.

వ్రతం నాడు నన్ను అడిగిన ఆవిడే మొన్న మార్చిలో ఫోన్ చేశారు. గొంతు తగ్గించి మాట్లాడుతున్నారు. వాళ్ల చిన్నమ్మాయికి ఫిజిక్స్‌లో సి వచ్చేలా ఉందట. "ఆ రోజు మీ అమ్మాయి ఏదో కోర్సన్నారు కదండీ..." నేను కాలేజీ పేరు చెప్పాను, ఏ క్యాంపసో చెప్పాను. జూన్ సెక్షన్లు త్వరగా నిండిపోతాయి కాబట్టి రిజిస్ట్రేషన్ తెరిచిన రోజే చేరమన్నాను. దానికంటే ముందు ఆ కోర్సు తమకు సరిపోతుందని వాళ్ల యూనివర్సిటీ అడ్వైజర్ చేత మెయిల్‌లో రాయించుకోమన్నాను. ఆవిడ రాసుకుంటూ, "ఇంకోసారి చెప్పండి, పేరు" అన్నారు. మళ్లీ చెప్పాను.