రెండు అడవి పందులు, వాటి లోపలి నట్టలు

పోయిన వానాకాలం మొక్కజొన్న కంకులు పాలు పట్టే టైంలో మా మండలంలో ఒక ఊళ్ళో అడవి పందుల బాధ తట్టుకోలేక పర్మిషన్ తెచ్చుకుని షూటర్‌ని పిలిపించారు, ఒక్క రాత్రిలో రెండు పడ్డాయి. నేను పశువుల డాక్టర్‌ని కాబట్టి పూడ్చిపెట్టే ముందు ఒకసారి కోసి చూడమని ఫారెస్టోళ్ళు పిలిచారు. ఒకటి పెద్ద ఆడది, పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు అన్నంత బక్కగా ఉంది. ఇంకోటి ఏడాది కూడా నిండని మగది, నున్నగా మెరుస్తోంది. అక్కడున్న పెద్దాయన "గింత బక్కగున్నదంటే కడుపు నిండ నట్టలే ఉంటయ్ సారూ" అన్నాడు. నట్టలంటే ఒంట్లో చేరి బతికే పురుగులు. నిజం చెప్పాలంటే నేనూ అదే అనుకున్నా.

ముందు మగదాన్ని కోశాం. పొట్టలో అంతా నమిలిన మొక్కజొన్న. ఊపిరితిత్తుల వెనక అంచు దగ్గర కొంచెం తెల్లగా ఉబ్బినట్టు ఉంటే అక్కడ గాలి గొట్టాన్ని కత్తెరతో చీల్చా, లోపల నురగలో తెల్లటి దారప్పోగుల్లాంటి పురుగులు ఉండలు ఉండలుగా, ఒక్కోటి 4, 5 సెంటీమీటర్లు ఉంటుంది. వీటిని మెటాస్ట్రాంజైలస్ అంటారు. పంది దగ్గితే గుడ్లు గొంతులోకొస్తాయి, మింగితే పేడలోంచి బయటికి పోతాయి, ఆ గుడ్లని వానపాము తింటుంది, పంది నేల తవ్వి ఆ వానపాముని తింటుంది, మళ్ళీ మొదలు. అందుకే తవ్వి తినే జంతువుకి ఇది తప్పదు, అందులోనూ వయసులో చిన్నవాటికే ఎక్కువగా పడతాయి, పెద్దయ్యాక ఒంట్లో కొంత తట్టుకునే శక్తి వస్తుంది. ఇంత పురుగు పెట్టుకుని కూడా దాని కిడ్నీ చుట్టూ గడ్డ పెరుగులా తెల్లగా కొవ్వు, కిడ్నీ కనపడట్లేదు.

ఆడదాని దగ్గరికొస్తే చనుమొనలు నొక్కగానే పాలొచ్చాయి. అంటే పిల్లలకి పాలిస్తోంది, ఒంట్లో ఉన్నదంతా అటే పోతోంది (ఆ పిల్లలు ఎక్కడున్నాయో అని ఆ రోజంతా మనసు అక్కడే ఉంది నాకు). పేగుల్లో ఏలికపాములు 3 ఉన్నాయి అంతే. కిడ్నీ చుట్టూ ఉన్న కాస్త కొవ్వులో మాత్రం చిన్న చిన్న గడ్డలు, కోస్తే చీముతో పాటు లావుపాటి పొట్టి పురుగులు. ఇది కిడ్నీ పురుగు, స్టెఫాన్యూరస్. ఒంట్లోకి వెళ్ళాక లివర్ అంతా తిరిగి కిడ్నీ దగ్గరికొచ్చి గుడ్లు పెట్టేసరికి చాలా నెలలు పడుతుంది, అందుకే పెద్ద పందుల్లోనే కనపడుతుంది, గుడ్లు మూత్రంలో పోతాయి.

మరి బక్కచిక్కడానికి కారణం పాలా, పురుగా? ఒక్క పందిని చూసి చెప్పలేం. పురుగు వల్ల చిక్కొచ్చు, తిండి లేక చిక్కిన జంతువుకి పురుగు ఎక్కువ పట్టొచ్చు, రెండూ కలిసీ జరగొచ్చు. పైగా నట్టలు అన్నిటికీ సమానంగా పడవు, మందలో కొన్నిట్లోనే విపరీతంగా ఉండి మిగతా వాటిల్లో తక్కువుంటాయి. అసలు సంగతి తేలాలంటే కొన్నిటికి నట్టల మందు వేసి కొన్నిటికి వెయ్యకుండా పోల్చాలి, గొర్రెల్లో అయితే చేస్తాం, అడవి పందికి ఎవరు తాగిస్తారు.

ఇంకో మాట, ఇది గట్టిగా చెప్తున్నా. బలిసిన పంది ఆరోగ్యంగా ఉన్నట్టే అని కొందరు దొంగచాటుగా మాంసం పంచుకుంటారు. అది నేరం, అది పక్కన పెట్టినా తిన్న మనిషికీ పట్టే ట్రైకినెల్లా అనే నట్ట ఒకటుంది, కండలో ఉండే దాని లార్వా (పిల్ల పురుగు) కంటికి కనపడదు, కొవ్వు చూసి అస్సలు చెప్పలేం. యూరప్‌లో వేటాడిన అడవి పందిని అమ్మాలంటే ముందు కండ ముక్క తీసి టెస్ట్ చెయ్యాల్సిందే.

కిడ్నీ కొవ్వు బరువుని కిడ్నీ బరువుతో భాగించి 100తో గుణిస్తే జంతువు ఒళ్ళు ఎలా ఉందో ఒక అంకె వస్తుంది, 1955లో రైనీ అనే ఆయన జింకల మీద ఈ లెక్క వాడాడు. ఆ రోజు నా దగ్గర తూకం లేక కంటితో చూసి రాసుకున్నా. తర్వాత వారం గ్రాముల్లో చూపించే చిన్న డిజిటల్ కాటా ఒకటి కొని బండి డిక్కీలో పెట్టా.